ఒక్క దీర్ఘం దూరం

"చిక్కాం."

ఆ మాట యలమంద ఎడమ చెవిన పడింది. కుడి చెవిన పడి ఉంటే సంగతి వేరుగా ఉండేదేమో గాని, ఏ చెవి ఏం విందో విచారణ జరిపించే సమయం కాదది. రోహిణి కార్తె ఎండ. మిట్టమధ్యాహ్నం. ఎదురుగా పది బారల్లో సరిహద్దు వాగు. వాగుకు ఇవతల నైజాం, అవతల యూనియన్. తానూ, తన వెనక ముగ్గురూ ఇంకా ఇవతలే ఉన్నారు. వెనకనుంచి నాగేంద్రమ్మ గొంతు, బయటికి పొక్కకూడదని నలిపేసిన గొంతు, రెండుసార్లు అదే మాట అంది.

యలమంద గుండె గొంతులోకి వచ్చి కూర్చుంది. అక్కడ చోటు చాలక మాట బయటికి తోసుకొచ్చింది. "చిక్కాం, పరిగెత్తండి" అని తానూ అరిచాడు. అరిచినవాడు అక్కడితో ఊరుకోలేదు. భుజం మీది కావిడి విసిరేసి అందరికంటే ముందు తానే పరిగెత్తాడు. దారి చూపించేవాడు ఎప్పుడూ ముందుండాలన్నది అతను పెట్టిన నియమమే. ఆ నియమాన్ని అతను ఆ రోజు పాటించినంత గట్టిగా ఇంకెవరూ ఏ నియమాన్నీ పాటించి ఉండరు.

యలమందది ఉంగుటూరు. ఊరి పేరులోనే టూరు ఉంది కాబట్టి తనకు ఈ పని తప్పలేదని అంటూ ఉండేవాడు. ఊడ్పులకూ కోతలకూ ఉంగుటూరు వరిచేలల్లో ఉండేవాడు. మామిడి కాపు పట్టిందంటే ఆగిరిపల్లిలో సాంబయ్య కౌలుకు చేసే తోటకు కాపలా వచ్చేవాడు. కోతుల్నీ చిలకల్నీ తోలడానికి పదేళ్ళపాటు కిరసనాయిలు డబ్బాను చెవి పక్కనే వాయించగా వాయించగా ఎడమ చెవి కూడా డబ్బా అయిపోయింది. అందులో పడ్డ మాట కాసేపు గలగలలాడి వేరే మాటై బయటికొచ్చేది. సున్నం అడిగితే అన్నం పెట్టేవాడు. తోటలో వాళ్ళకు ఈ సంగతి తెలుసు కనక కుడివైపు నిలబడి మాట్లాడేవాళ్ళు.

కిందటేడు ఆగస్టులో తెల్లవాళ్ళు వెళ్ళిపోయారు. నైజాం మాత్రం ఇందులో కలవను, అందులో కలవను, మాది వేరే దేశమని కూర్చుంది. అంతవరకు గేదెలు దాటిన వాగు ఒక్క పూటలో దేశాలు దాటే వాగైంది. చలికాలం వచ్చేసరికి నైజాం ఊళ్ళ మీద రజాకార్ల లారీలు పడడం మొదలైంది. ఇళ్ళు తగలబడ్డాయి. మగవాళ్ళను ఎక్కించుకుపోయిన లారీలు ఉత్తవిగా తిరిగొచ్చాయి. తప్పించుకున్నవాళ్ళు వాగు దాటి వచ్చి నూజివీడు చుట్టుపక్కల మామిడితోటల్లో తడికలు కట్టుకున్నారు. దాటించే ఏర్పాటు సాంబయ్యది, దాటించే కాళ్ళు యలమందవి. ఇరవై వేసవులుగా కావిడిలో రసాలు మోసుకుపోయి ఆ ఊళ్ళలో ఇచ్చి వచ్చినవాడు కనక దారులన్నీ అతని అరికాళ్ళకు తెలుసు.

అతని పద్ధతి అతనిది. రాత్రిపూట దాటేవాళ్ళ కోసం సరిహద్దు కాపలావాళ్ళు రాత్రంతా మేలుకుంటారు. అందుకని మిట్టమధ్యాహ్నం కునుకుతారు. మనకు ఎండే చీకటి అనేవాడు యలమంద. దాటేవాళ్ళంతా మామిడికోత కూలీల్లా రావాలి. కూలీకి గుర్తు చిక్కం. పొడుగాటి గెడ చివర కట్టి, కాయ నేల రాలకుండా పట్టే నూలు వలసంచి అది. మనిషికొకటి భుజాన ఉండాలి. "చిక్కం పట్టినవాళ్ళం చిక్కం" అని బయలుదేరే ముందు ప్రతిసారీ అనేవాడు. భయంతో నాలుక ఎండిపోయినవాళ్ళు కూడా ఆ మాటకు అర పెదవితో నవ్వేవాళ్ళు. వాళ్ళు నవ్వితే తన వణుకు కనపడదని అతని ఎత్తు. అందరికంటే ఎక్కువ భయం అతనికే. ఆ సంగతి అతనికీ అతని మోకాళ్ళకీ తప్ప ఎవరికీ తెలియదు.

మామూలు టూరులో గైడు ఇటు చూడండి, అటు చూడండి అంటాడు. యలమంద టూరులో ఏదీ చూడకూడదు. నా వీపు చూడండి, ఇంకేదీ చూసే అవసరం లేదు అనేవాడు. మాట్లాడకూడదు. తప్పనిసరైతే రజాకార్లను పెద్ద రసాలనాలి, నైజాం పోలీసుల్ని చిన్న రసాలనాలి. ఎవరైనా విన్నా మామిడిపళ్ళ గొడవ అనుకుంటారు.

అలా ఆరు టూర్లు అయ్యాయి. ఇది ఏడోది. మొదటి ఆరింటిలో దాటినవాళ్ళు పరాయివాళ్ళు. ఈసారి మేనకోడలు కృష్ణవేణి. అక్క బుజ్జమ్మకు ఒక్కతే కూతురు, మధిర తాలూకాలో ఇచ్చారు, ఇప్పుడు ఎనిమిదో నెల. "నీ కూతుర్ని నీ ముందు నిలబెట్టేదాకా నీ చేతి కూడు తిననే అక్కా" అని యలమంద మాటిచ్చి వచ్చాడు. కృష్ణవేణి వెనక ఆమె అత్త నాగేంద్రమ్మ. మాటలో పదును, చేతిలో పనితనం. దారిలో పనికొస్తుందని తన చిక్కం తానే అల్లుకుని తెచ్చుకుంది. కృష్ణవేణి భర్త ఆంజనేయులు రాలేదు. మగవాళ్ళు రోజూ సాయంత్రం చావడిలో కనపడాలి, ఒక్క పూట కనపడకపోతే ఇంటి మీదికి వస్తారు. ఆడవాళ్ళు కోతకు పోయారని బొంకి, వాళ్ళు క్షేమంగా దాటాక, వచ్చే ఆదివారం తాను ఒక్కడూ ఊరి బయటి తాటితోపు దగ్గరికి వచ్చి యలమందను కలుసుకునే ఏర్పాటు. ఇల్లు వదిలాక మళ్ళీ వెనక్కి పోయే వీలు అతనికి ఉండదు.

నాలుగో మనిషి లక్ష్మీనరసింహారావు. ఆ ఊళ్ళో నలభై ఎకరాల ఆసామి. రజాకార్లు పేరు రాసుకున్నారని తెలిసి రాత్రికి రాత్రి గోచీ పెట్టుకుని కూలీ అయ్యాడు. కూలీ అయ్యాడు గాని కూలీ నడక రాలేదు. చిక్కం గెడను చేతికర్రలా పట్టుకునేవాడు. దారిలో ఎవరైనా ఎదురైతే యలమంద "ఒరే నరసిమ్మా, గెడ భుజాన పెట్టరా" అనాలి, ఆయన "సరే మేస్త్రీ" అనాలి. మొదటిసారి ఒరే అన్నప్పుడు ఇద్దరికీ చెమట పట్టింది. ఎవరికి ఎక్కువ పట్టిందో చెప్పడం కష్టం.

ఇదీ వాగు దాకా వచ్చిన జట్టు. తుమ్మచెట్ల కింది నుంచి ఒకరి వెనక ఒకరుగా నడుస్తున్నారు. ఇంకో పది బారలు నడిస్తే ఇసుక, ఇసుక దాటితే గట్టు, గట్టు దిగితే మన దేశం. అప్పుడు పడింది ఆ మాట.

ఇసుక నిప్పులా ఉంది. యలమందకు కాళ్ళు కాలలేదు, ఎందుకంటే కాళ్ళు ఇసుకకు ఆనలేదు. అవతలి గట్టు ఎక్కి వెనక పడుకున్నాక గాని తనకు ఒళ్ళంటూ ఉందని తెలియలేదు. కాసేపటికి లక్ష్మీనరసింహారావు వచ్చి పక్కన పడ్డాడు. తలగుడ్డ లేదు, గెడ లేదు, నోట్లో మాట లేదు. తర్వాత నాగేంద్రమ్మ వచ్చింది. ఆమె భుజాన కూడా గెడ లేదు. ఆమె వెనక ఎవరూ లేరు.

నాగేంద్రమ్మ ఊపిరి తీసుకుని అటూ ఇటూ చూసి అడిగింది. "పిల్లేదీ?"

యలమంద వెనక్కి తిరిగి చూశాడు. కళ్ళ ముందు ఇసుక, ఇసుక అవతల తుమ్మచెట్లు, చెట్ల కింద నీడ. ఆ నీడలో ఏముందో తెలియదు. ఎంతమంది ఉన్నారో తెలియదు. ఆ మాట అన్న నాగేంద్రమ్మే చూసి ఉండాలి, ఎవర్ని చూసిందో, ఎక్కడ చూసిందో. అడిగితే తన చేతకానితనమూ చెప్పాల్సి వస్తుంది. కడుపుతో ఉన్న పిల్లను వదిలేసి, మేనమామనని కూడా మరిచి, అందరికంటే ముందు పరిగెత్తినవాడు తానే.

లక్ష్మీనరసింహారావు తాను ఇక్కడే ఉండి కాపలా కాస్తానన్నాడు. దేన్ని కాపలా కాస్తాడో చెప్పలేదు. నాగేంద్రమ్మ చీర కుచ్చెళ్ళు బిగించి లేచింది. నా కోడలు, నేను పోతాను అంది. ఆ మాట యలమంద కుడి చెవిలో పడింది. సూదిలా పడింది.

"నువ్వు కూర్చో వదినా. నేనే పోతాను."

"పోయేవాడివి ముందే ఎందుకు రావాలి మరిదీ?"

యలమంద గట్టు దిగాడు. పరిగెత్తాలనుకున్నాడు గాని మోకాళ్ళు ఒకదాన్నొకటి పట్టుకుని వదలడం లేదు. అందుకని నడిచాడు. ఇందాక నాలుగు అంగల్లో అయిపోయిన ఇసుక ఇప్పుడు నాలుగు కోసులైంది. మెడ వెనక ఏదో చల్లగా పాకింది, ఆ ఎండలో. ఇప్పుడు పేలుతుంది తుపాకి, ఇదిగో ఇప్పుడు, ఈ అడుగుకు కాకపోతే వచ్చే అడుగుకు అనుకుంటూ అడుగు తర్వాత అడుగు వేశాడు. అక్క బుజ్జమ్మ ముఖం గుర్తుచేసుకుందామంటే ఆమె చేతులే గుర్తొచ్చాయి. కంచంలో అన్నం పెట్టే చేతులు. ఆ చేతి కూడు తిననని ఒట్టుపెట్టుకున్నాడు, ఇక జన్మలో తినే యోగం ఉండేట్టు లేదు.

వాగు ఒడ్డున మొగలి పొద ఉంది. పొదలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి అతని పంచె అంచు పట్టుకుంది. యలమంద ప్రాణం అక్కడికక్కడే పోయి, గాజులు చూసి తిరిగొచ్చింది.

కృష్ణవేణి పరిగెత్తలేదు. పరిగెత్తే ఒళ్ళు కాదు. అందరూ పోయారని తెలుసుకుని, ముళ్ళని చూడకుండా పొదలోకి జరిగి కూర్చుంది. చేతుల నిండా గీరుకుపోయిన గాట్లు. యలమంద పాకుతూ లోపలికి దూరాడు.

"ఎవరొచ్చారు మావయ్యా?" అంది చెవిలో. కుడి చెవి ఏదో ఆమెకు తెలుసు.

"నేను చూడలేదమ్మా."

"చూడకుండానే చిక్కాం అని అరిచావా?"

అరిచింది మీ అత్త అనబోయాడు. అనేలోపు లారీ చప్పుడు వినపడింది.

బండ్ల బాట అక్కడికి ఒక అరుపు దూరంలో ఉంది. చప్పుడు దగ్గరికి వచ్చింది, పెద్దదైంది, ఆగింది. ఇంజను ఆగాక వచ్చిన నిశ్శబ్దం ఇంజను కంటే భయంగా ఉంది. పైన ఎవరో నవ్వారు. తర్వాత ఎవరో ఒడ్డు దిగుతున్న అడుగుల చప్పుడు, మట్టిపెళ్ళలు రాలుతున్న చప్పుడు, డబ్బా కాలికి తగులుతున్న చప్పుడు. యలమంద జీవితమంతా డబ్బాలు వాయించినవాడే. ఒక డబ్బా తనను ఇలా వాయిస్తుందని అనుకోలేదు.

మొగలాకుల సందులోంచి మనిషి కనిపించాడు. ఖాకీ చొక్కా, భుజాన తుపాకి. ఇరవై ఏళ్ళు ఉంటాయేమో, మీసం ఇంకా సరిగ్గా రాలేదు. లారీకి నీళ్ళు కావాలి. ఇసుకలో ఎవరో తవ్విన చెలమ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. వేసవి చెలమ, ఊట నెమ్మది. ముంత ముంచి డబ్బాలో పోయడం, నీళ్ళు ఊరేదాకా కూర్చోవడం, మళ్ళీ ముంచడం. డబ్బా పెద్దది. ముంత చిన్నది. మొగలి పొదకూ అతనికీ మధ్య దూరం ఒక మంచమంత.

యలమంద వణుకుతున్నాడు. అతనితో పాటు మొగలాకులు వణుకుతున్నాయి. గాలి లేని చోట ఆకు కదిలితే ఎవరైనా చూస్తారు. ఆపుకుందామంటే వణుకు అతని మాట వినడం లేదు, అదీ ఎడమ చెవి అయిపోయింది. కృష్ణవేణి తన చెయ్యి తీసి అతని మోకాలి మీద పెట్టి గట్టిగా నొక్కింది. రెండో చెయ్యి తన పొట్ట మీద ఉంది. ఎవర్ని ఊరుకోబెడుతున్నట్టు అనుకోవాలో తెలియలేదు గాని, ఇద్దరూ ఊరుకున్నారు.

అప్పుడు కనపడింది యలమందకు. కుర్రవాడి తలకు ఎదురుగా, ఒడ్డు మీద, తుమ్మకొమ్మకు పట్టుకుని నాగేంద్రమ్మ చిక్కం వేలాడుతోంది. తెల్లటి కొత్త నూలు, ఎండలో మెరుస్తూ. దాని గెడ కిందికి జారి ఊగుతోంది. తల ఎత్తితే చాలు. యలమంద కళ్ళు మూసుకున్నాడు. మూసుకుంటే ఇంకా భయం వేసి తెరిచాడు.

కుర్రవాడు తల ఎత్తలేదు. దించాడు. చెలమ పక్కన ఇసుకలో ఏదో దొరికింది. యలమంద విసిరేసిన కావిడిలోంచి దొర్లిపోయి వచ్చిన మామిడిపండు. దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. వాసన చూశాడు. తర్వాత చుట్టూ చూశాడు. చుట్టుపక్కల మామిడిచెట్టన్నది లేదు. చెట్టు లేనిచోట పండు ఎలా వచ్చింది? ఆ ప్రశ్న అతని ముఖం మీద పుట్టడం యలమంద చూశాడు. నుదుటి మీద ముడతగా పుట్టి, కనుబొమల మధ్యకు వచ్చి నిలబడింది. చూపు తుమ్మచెట్ల వైపు మొదలై, మెల్లగా మొగలి పొద వైపు వస్తోంది.

లారీ హారను మోగింది. పైనుంచి ఎవరో తిట్టారు. కుర్రవాడు జవాబుగా అరిచి, ప్రశ్నను అక్కడే వదిలేసి, పండు తొడిమ కొరికి ఉమ్మి, నోట్లో పెట్టుకున్నాడు. అంత భయంలోనూ యలమంద బుర్ర తన పాడు అలవాటు మానలేదు. పెద్ద రసం కూర్చుని చిన్న రసం జుర్రుకుంటోందని దానికి తోచింది. నవ్వు రాలేదు. కన్నీళ్ళు వచ్చాయి. కుర్రవాడి మోచేతి దాకా రసం కారింది. టెంక విసిరేసి, చెయ్యి ఇసుకలో తుడుచుకుని, డబ్బా ఎత్తుకుని పోయాడు. లారీ కదిలింది. చప్పుడు చిన్నదైంది, ఇంకా చిన్నదైంది, కందిరీగ అంత అయింది, పోయింది.

చాలాసేపు ఇద్దరూ లేవలేదు. తర్వాత యలమంద కృష్ణవేణి చెయ్యి పట్టుకుని ఇసుకలోకి దింపాడు. ఈసారి ఆమెను ముందు నడిపించి తాను వెనక నడిచాడు. తుపాకి పేలితే వీపు తనది కావాలని. కొమ్మకు వేలాడుతున్న చిక్కం సంగతి అతనికి గుర్తే లేదు.

గట్టు దిగాక కూడా ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. నాగేంద్రమ్మ కోడలి చేతుల్లో ముళ్ళు తీస్తూ, పెద్ద రసాలు దీని మేనమామ కంట పడ్డాయి కనక సరిపోయింది గాని లేకపోతే మనమంతా వాటి నోట్లో పడేవాళ్ళమేనని మనసులో అనుకుంది. వదిన చూసి చెప్పబట్టే తప్పించుకున్నామని యలమంద అనుకున్నాడు. ఎవరు అనుకున్నది వాళ్ళ దగ్గరే ఉండిపోయింది.

మాట్లాడింది లక్ష్మీనరసింహారావు ఒక్కడే. విస్సన్నపేటలో కృష్ణవేణికి ఎద్దుబండి దొరికేదాకా ఆయన కథలో రజాకార్లు ఇద్దరు. బండి కదిలాక పదిమంది అయ్యారు. నూజివీడు వచ్చింది, పోయింది. ఊరి పేరులో వీడమని ఉన్నా ఆయన ఆ కథను వీడలేదు. అప్పటికి నలభై మంది, తలా ఒక తుపాకి, ఒకరికి గుర్రం కూడా ఉంది. ఆగిరిపల్లి చేరేసరికి తోటలో జనమంతా పని వదిలేసి వచ్చి బండి చుట్టూ ఆగారు. ఆగిరిపల్లి అన్న పేరు అలాగే వచ్చి ఉంటుందని యలమంద అనబోయి మానేశాడు.

తోటలోనే కాచుకుని ఉన్న బుజ్జమ్మ కూతుర్ని ముట్టుకుని, తమ్ముణ్ణి ముట్టుకుని, మళ్ళీ కూతుర్ని ముట్టుకుని ఏడ్చింది. నలభై మంది రజాకార్ల మధ్యలోకి ఒంటిచేత్తో తిరిగి వెళ్ళి మేనకోడల్ని ఎత్తుకొచ్చిన యలమందను తోటవాళ్ళంతా చూశారు. చెట్టు కింద చాప వేసి కూర్చోబెట్టారు. చేతికో పండు ఇచ్చారు. అతను ఆ పండు తినకుండా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

సాంబయ్య అంతా విన్నాడు. నెమ్మదస్తుడు. విన్నాక తలగుడ్డ తీసి మోకాలి మీద పెట్టుకుని కాసేపు ఆలోచించాడు.

"మధ్యాహ్నం దారి వాళ్ళకి తెలిసిపోయిందన్నమాట. ఇంక ఆ వాగు జోలికి ఎవరూ పోవద్దు. వచ్చే ఆదివారం ప్రయాణం ఆపేద్దాం."

అందరూ తలలూపారు. కృష్ణవేణి మాత్రం తల్లి భుజం మీంచి తల ఎత్తింది. ఆదివారం ఆంజనేయులు ఇల్లు వదిలి తాటితోపు దగ్గరికి వస్తాడు. వచ్చి కూర్చుంటాడు. ఎవరూ రారు. సాయంత్రం చావడిలో అతని పేరు పిలుస్తారు. కబురు పంపుదామంటే ఆ దారి ఎరిగినవాడు యలమంద తప్ప ఇంకొకడు లేడు. ఆమె మేనమామ వైపు చూసింది, అంతే.

యలమంద తల దించుకున్నాడు. నిజం చెప్పాలంటే సాంబయ్య మాట వినగానే అతని ఒంట్లో ఏదో ఒక ముడి విడిపోయింది. ఇంక వాగు లేదు. ఆ ఇసుక లేదు. మెడ వెనక ఆ చల్లదనం లేదు. పెద్దమనిషే వద్దన్నాడు, తన తప్పేమీ లేదు. ఆ హాయి ఎంతోసేపు ఉండలేదు, ఎందుకంటే అప్పుడే నాగేంద్రమ్మ గొణిగింది.

"మరి నా చిక్కమో? వారం రోజులు కూర్చుని అల్లాను. తుమ్మకొమ్మకి పట్టుకుంది. 'చిక్కం, చిక్కం' అని రెండుసార్లు చెప్పాను. ఈ మరిది ఆగితేనా."

ఆమె యలమందకు ఎడమవైపు కూర్చుని ఉంది. అయినా ఈసారి ఆ డబ్బా చెవిలో మాట గలగలలాడలేదు. ఉన్నది ఉన్నట్టు లోపలికి దిగింది. అక్కడ అప్పటికే ఉన్న ఇంకో మాట పక్కన కూర్చుంది. రెండూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి.

యలమంద చుట్టూ చూశాడు. ఎవరూ గమనించలేదు. చిక్కం పోయిందన్న ముసలమ్మ గొడవ ఎవరికి పట్టింది? ఊరుకుంటే చాలు. నలభై మందిని ఎదిరించినవాడి పేరు ఉంటుంది. మళ్ళీ ఆ వాగు మొహం చూడక్కర్లేదు. నాలుక కదలకపోతే రెండూ తనవే. చేతిలో పండు వేళ్ళ మధ్య నలిగి రసం మణికట్టు మీదికి కారింది. చెలమ దగ్గరి కుర్రవాడి మోచెయ్యి గుర్తొచ్చింది. ఆ తర్వాత తాటితోపు కింద కూర్చుని దారి చూస్తున్న ఆంజనేయులు గుర్తొచ్చాడు.

"సాంబయ్యగారండీ, ఆదివారం ప్రయాణం ఆపొద్దండి" అన్నాడు. "అక్కడ ఎవరూ లేరండి."

"ఎవరూ లేకపోవడమేంట్రా? నువ్వే కదా అరిచింది."

"నేనే అరిచానండి. మా వదిన అన్న మాట విని అరిచాను. వదినా, ఆ మాట ఇంకోసారి అను. అక్కడ అన్నట్టే అను."

నాగేంద్రమ్మకు ఏమీ అర్థం కాలేదు. అయినా గొంతు నలిపి అంది. "చిక్కం. చిక్కం."

"నేను విన్నది చిక్కాం అని."

నాగేంద్రమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "నువ్వు చిక్కాం అని అరిచావు కదా, నీకు రసాలు కనపడ్డాయనుకున్నానయ్యా నేను."

"నీకు కనపడ్డాయనుకున్నాను నేను."

చదువుకున్న మనిషి కనక లక్ష్మీనరసింహారావుకు ముందుగా తేలింది. ఒక్క దీర్ఘం, ఒక్క దీర్ఘం అని నెత్తి కొట్టుకున్నాడు. అర్థం కానివాళ్ళకు సాంబయ్య విడమర్చి చెప్పాడు. అమ్మగారి వలసంచి కొమ్మకు పట్టుకుంది, అది చిక్కం. మనవాడి చెవిలో పడేసరికి కకు దీర్ఘం పెరిగింది, అది చిక్కాం. నవ్వు ఒక మూల మొదలై, తడికల దాకా పాకి, బండి తోలుకొచ్చినవాడి దగ్గర విరగబడింది. ఆ నవ్వు మధ్యలో సాంబయ్య, మరి మీరు చూసిన నలభై మందో రావుగారూ, అని నెమ్మదిగా అడిగాడు. దుమ్ము లేచిందండీ, దుమ్ములో లెక్క తేలదు కదండీ అన్నాడు ఆయన. గుర్రం సంగతి ఎవరూ అడగలేదు.

బుజ్జమ్మ నవ్వలేదు. తమ్ముడి ముందుకు వచ్చి నిలబడింది.

"అంటే ఎవరూ లేకుండానే నా పిల్లని వదిలేసి పారిపోయావురా?"

"పారిపోయానక్కా." తల ఎత్తలేదు. "నేను పారిపోకుండా ఉంటే లారీ వచ్చేసరికి అందరం గట్టు దాటి ఉండేవాళ్ళం. పిల్లని ఆ పొదలో కూర్చోబెట్టింది నా చెవే."

"లారీ ఒకటి వచ్చిందిగా మరి," అన్నాడు సాంబయ్య.

"నీళ్ళకొచ్చిందండి, మనకోసం కాదు. మన దారి తెలిసినవాడైతే చెట్టు లేనిచోట పండు దొరికితే తిని ఊరుకుంటాడా? ముందుగా మొగలి పొదలో కాసేపు ఆగి, బాట మీద చప్పుడు విని, అప్పుడు దాటితే సరిపోతుంది."

సాంబయ్య తలగుడ్డ మళ్ళీ చుట్టుకున్నాడు. అంటే ఒప్పుకున్నట్టు. చిక్కాన్ని ఇకమీదట వల అందామా అని ఎవరో అన్నారు. యలమంద చెవిలో అది కల అవుతుందని నాగేంద్రమ్మ కొట్టేసింది. ఎప్పట్లా చిక్కమే అందాం, ఈసారి మాత్రం అన్నవాళ్ళు అతని కుడివైపు నుంచి అనాలి అంది. మళ్ళీ నవ్వులు. బుజ్జమ్మ అప్పటికీ నవ్వలేదు గాని, లోపలికి వెళ్ళి కంచంలో అన్నం పెట్టుకొచ్చి తమ్ముడి ముందు పెట్టింది.

కృష్ణవేణి వచ్చి అతనికి కుడివైపున కూర్చుంది. మోకాళ్ళ దగ్గర పంచె సన్నగా అదురుతుండడం చూసింది. చెయ్యి పెట్టి నొక్కింది.

"ఆయన్ని తెస్తావుగా మావయ్యా? చిక్కరుగా?"

"చిక్కం," అన్నాడు యలమంద. అక్కడున్నవాళ్ళంతా చెవులు రిక్కించి విన్నారు. దీర్ఘం లేదు. వణుకు మాత్రం ఉంది.